‘బెంగ’ అని వదిలేయకండి: కుంగుబాటును ముందే ఆపగలమా?



ప్రతి నెలా ఈ పేజీలో పిల్లల చదువు గురించో, తిండి గురించో, మొబైల్ వాడకం గురించో మాట్లాడుకుంటున్నాం. ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు. పది నిమిషాలు తీరిక చేసుకుని చదవండి. వీలైతే ఇంట్లో మిగతావారికి కూడా చదివి వినిపించండి.

డొంకూరులో ఒక ఇల్లు

ఇచ్ఛాపురం దాటి సముద్రం వైపు వెళ్తే, ఒడిశా సరిహద్దుకు దగ్గరలో డొంకూరు వస్తుంది. మత్స్యకారుల ఊరు. అక్కడ ఒక ఇంటిని ఊహించుకోండి. భర్త ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు. భార్య చేపలు అమ్ముతుంది. ఒక్కతే కూతురు, ఏడో తరగతి, హాస్టల్‌లో ఉండి చదువుతోంది. ఫీజు కోసం కొంత అప్పు చేశారు. పాప బాగా చదువుతుంది కాబట్టి అప్పు గురించి ఎవరూ బాధపడలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చిన పాపకు అమ్మ కొత్తగా కనిపించింది. వంట చేస్తుంది కానీ తినదు. తెల్లవారుజామున మూడింటికే లేచి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. చేపల బుట్ట మూలన పడి ఉంది. ‘నీరసం’ అని రెండుసార్లు సెలైన్ పెట్టించుకుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు తగ్గలేదు. ఇరుగుపొరుగు ఒకే మాట అన్నారు: “బెంగ పెట్టుకుంది. మొగుడొస్తే అదే పోతుంది.”

మొగుడొచ్చాడు, నెల రోజులున్నాడు. బెంగ మాత్రం పోలేదు. అతను తిరిగి వెళ్లాక అమ్మ మరీ మౌనమైంది. హాస్టల్‌కు తిరిగొచ్చిన పాపకు ప్రతి సోమవారం కడుపునొప్పి మొదలైంది. మార్కులు పడిపోయాయి. అప్పుడు ఫోన్‌లో ఇంటినుంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే: “ఎందుకు తగ్గాయి మార్కులు?”

ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు, పాఠం కోసం కూర్చిన ఉదాహరణ. అయినా ఇందులో మీకు తెలిసిన ఒక ఇల్లు కనిపించి ఉంటుంది. కొందరికి సొంత ఇల్లే కనిపించి ఉండవచ్చు.

బెంగ వేరు, కుంగుబాటు వేరు

మనిషి దూరమైతే బెంగ, పంట పోతే దిగులు, మార్కులు తగ్గితే బాధ. ఇవన్నీ సహజం. నాలుగు రోజులు ఉంటాయి, ఎవరైనా పలకరిస్తే కాస్త తేలికపడతాయి, మెల్లగా తగ్గుతాయి.

కుంగుబాటు, అంటే డిప్రెషన్, అలా కాదు. వైద్యులు ముఖ్యంగా రెండు లక్షణాలు చూస్తారు. ఒకటి, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా, ఖాళీగా ఉండటం. రెండు, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోవడం. వీటిలో కనీసం ఒకటి, దాంతోపాటు నిద్రలో మార్పు, ఆకలిలో మార్పు, అలసట, ఏకాగ్రత కుదరకపోవడం, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనే భావన, చావు ఆలోచనలు వంటివి కొన్ని, దాదాపు రోజూ, రెండు వారాలకు పైగా ఉంటే అది బెంగ కాదు. చికిత్స ఉన్న జబ్బు.

మన వైపు ఇది ఎక్కువగా ఒంటి బాధగా బయటపడుతుంది. “మనసు బాగోలేదు” అని చెప్పడం మనకు అలవాటు లేదు. “తల నొప్పి”, “గుండె దడ”, “నీరసం”, “ఒళ్లంతా లాగేస్తోంది” అంటాం. పరీక్షలన్నీ బాగానే ఉన్నా బాధ తగ్గడం లేదంటే, మనసు సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

పిల్లల్లో ఇది ఏడుపుగానే ఉండాలని లేదు. చిరాకు, కోపం, బడికి వెళ్లే ముందు కడుపునొప్పి, స్నేహితులకు దూరం కావడం, ఆటలు మానేయడం, మార్కులు పడిపోవడం రూపంలో కనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. నలభై మంది ఉన్న తరగతికి ఇది ఎంతమంది అవుతుందో లెక్క వేసుకోండి.

పేదరికం మనసును ఎలా తాకుతుంది?

కుంగుబాటు ఎవరికైనా రావచ్చు. కానీ అందరికీ ఒకేలా రాదు. ఒకే ప్రాంతంలో బాగా ఉన్నవారితో పోలిస్తే, అతి తక్కువ ఆదాయం ఉన్నవారికి కుంగుబాటు, ఆందోళన ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఎక్కువని 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. డబ్బు లేక మనసు కుంగుతుంది. మనసు కుంగి పని తగ్గుతుంది, అప్పు పెరుగుతుంది. అది మళ్లీ మనసును కుంగదీస్తుంది.

మన ఉద్దానానికి దీన్ని పుస్తకం చూసి చెప్పక్కరలేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. ఒక్క రాత్రిలో కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. వరి పోతే మరో పంట వేసుకోవచ్చు. కొబ్బరి చెట్టు పోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లంతా అప్పు మాత్రం ఆగదు.

మరోవైపు కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో డయాలసిస్ అనే మాట తెలియని ఇల్లు తక్కువ. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఇవి పెద్ద అండ. అయినా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లే భార్య, ఇంటి పని చూసుకునే పెద్ద కూతురు, వీరి మనసు సంగతి ఎవరు అడుగుతున్నారు?

తీర గ్రామాల్లో వలస. ‘తండేల్’ సినిమా చూసినవారికి ఆ సంగతి కొంత తెలుసు. 2018 నవంబర్‌లో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగొచ్చారు. సినిమా ఒక సాయంత్రంలో అయిపోయింది. ఆ కుటుంబాల ఎదురుచూపు 14 నెలలు. ఆ ఎదురుచూపు కాకపోయినా, చిన్నస్థాయి ఎదురుచూపు మన తీరంలో ప్రతి వలస ఇంట్లో ఉంటుంది.

ఇక భాష. మందస, మెళియాపుట్టి, సీతంపేట కొండల్లో సవరలు ఉన్నారు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. జ్వరాన్ని ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు, థర్మామీటర్ చూపిస్తుంది. మనసులో బాధను మాత్రం అమ్మ భాషలోనే చెప్పుకోగలం. ఆ భాష తెలిసిన మనిషి ఆసుపత్రిలో ఎదురుగా లేకపోతే, బాధ ‘కడుపునొప్పి’గా మారిపోయి మాత్రతో ఇంటికి తిరిగి వస్తుంది. తక్కువ ఆదాయం, చిన్న సమూహం, వేరే భాష, ఈ మూడూ కలిసినచోట కుంగుబాటు ఎక్కువసార్లు గుర్తింపు లేకుండానే ముదురుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్య రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

ముందే ఆపవచ్చా?

చాలావరకు ఆపవచ్చు. అందుకు ఊరికో సైకియాట్రిస్టు ఉండాలని కూడా లేదు. కొంచెం శిక్షణ ఉన్న మామూలు మనుషులు ఎంత చేయగలరో నాలుగు ప్రాంతాలు చూపించాయి.

*రావల్పిండి, పాకిస్తాన్.* గర్భిణులు, బాలింతల్లో కుంగుబాటు ఉన్నవారి ఇళ్లకు గ్రామ ఆరోగ్య కార్యకర్తలే వెళ్లి మాట్లాడారు. బిడ్డ ఆరు నెలల వయసుకు వచ్చేసరికి, ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది. అందనివారిలో 53 శాతం మందికి మిగిలింది. ఈ ఫలితాలు 2008లో వచ్చాయి.

*హరారే, జింబాబ్వే.* డాక్టర్ డిక్సన్ చిబండా ఊళ్లోని అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చారు. క్లినిక్ బయట చెట్టు కింద ఒక బెంచీ. వచ్చినవారి మాట విని, సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికి చేయగలిగిన చిన్న పని ఏమిటో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. అక్కడివారు కుంగుబాటును ‘అతిగా ఆలోచించడం’ అనే అర్థమిచ్చే సొంత మాటతో పిలుస్తారు. మనం “ఆలోచన ఎక్కువైపోయింది” అన్నట్టే. 573 మందితో చేసిన పరిశీలనలో ఆరు నెలల తర్వాత బెంచీ దగ్గర కూర్చున్నవారిలో ఏడుగురిలో ఒకరికి మాత్రమే కుంగుబాటు లక్షణాలు ఉన్నాయి. మిగతావారిలో అవి ఇద్దరిలో ఒకరికి ఉన్నాయి.

*గోవా.* సంగత్ అనే సంస్థ స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. ముఖ్యమైన సూత్రం ఒకటే: మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న మంచి పనులు ముందు మొదలుపెట్టడం. మూడు నెలలకు 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం.

*పశ్చిమ గోదావరి.* ఇది మన రాష్ట్రమే. గిరిజన గ్రామాలతో సహా పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, కుంగుబాటు ప్రశ్నలు అడిగి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ దగ్గరకు పంపారు. దానికి ముందు మానసిక జబ్బు అంటే సిగ్గుపడాల్సినది కాదని ఊరూరా ప్రచారం చేశారు. సమస్య ఉన్నవారిలో వైద్యం తీసుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేని స్థితి నుంచి 12 మందికి పైగా పెరిగారు.

ఈ నాలుగూ ఎక్కువగా అప్పటికే మొదలైన కుంగుబాటును తగ్గించిన ప్రయత్నాలు. కానీ వాటిలో ఉన్న మూడు సంగతులు, అంటే ఎవరో ఒకరు అడగడం, భారం కొంత దించడం, చిన్న పని మొదలుపెట్టించడం, జబ్బు ముదరకముందే చేస్తే నివారణకూ పనికొస్తాయి. ఇవి మన ఇళ్లలో చేయగలిగినవే.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. *కారణం అడగకండి, ఎలా ఉందో అడగండి.* “నీకేం తక్కువ?” అనే ప్రశ్న నోరు మూయిస్తుంది. “ఈ మధ్య నిద్ర పడుతోందా? తినబుద్ధి అవుతోందా?” అంటే మాట మొదలవుతుంది.

2. *ఒక చిన్న పని, ఒక మనిషి తోడు.* కుంగినవారికి “ధైర్యంగా ఉండు” అంటే చాలదు. “సాయంత్రం కాసేపు అలా నడిచొద్దాం రా” అనండి. రోజూ ఒకే సమయానికి అయితే ఇంకా మంచిది.

3. *అప్పును ఒక్కరి గుండెల్లో దాచకండి.* వారం వాయిదా, డ్వాక్రా వాయిదా, స్కూలు ఫీజు అన్నీ ఒక కాగితం మీద రాసి భార్యాభర్తలిద్దరూ చూసుకోండి. తీరం వారికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. అంటే స్కూలు తెరిచే సమయానికే చేతిలో డబ్బు ఉండదు. ఇది ప్రతి ఏడాదీ వచ్చేదే. కాబట్టి ఫిబ్రవరిలోనే లెక్క వేసుకోండి. వాయిదాల్లో కట్టే వీలు గురించి స్కూలు ఆఫీసులో ముందే అడగండి. అడగడం చిన్నతనం కాదు.

4. *దూరాన ఉన్న నాన్నకు రోజూ ఒక సమయం.* ఫోన్ చేసి మార్కులు, డబ్బు మాత్రమే మాట్లాడితే పిల్లలకు ఫోన్ అంటేనే భయం పడుతుంది. మొదటి అయిదు నిమిషాలు వేరే మాటలకు వదిలేయండి.

5. *మందు మీద కన్నేయండి.* నిద్ర కోసం, బాధ మరిచిపోవడానికి తాగడం మొదలైతే కుంగుబాటు పెరుగుతుంది. ఆదాయమూ తగ్గుతుంది.

6. *రోగిని చూసుకునేవారికి సెలవు ఇవ్వండి.* ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే, వారంలో ఒక పూట ఆ బాధ్యత మరొకరు తీసుకోండి. అది దయ కాదు, రెండో రోగి తయారు కాకుండా చూసుకోవడం.

పక్క బెంచీ పిల్లల సంగతి

ఈ పాఠంలో కాస్త ఇబ్బందిగా అనిపించే భాగం ఇది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు పాఠశాలల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు. మన పిల్లల పక్కన మత్స్యకారుల పిల్లలు, సవర పిల్లలు, జీడిపప్పు ఫ్యాక్టరీ కూలీల పిల్లలు కూర్చుంటారు. కొందరు ఉచిత సీటులో, కొందరు తల్లి మెడలోని పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టిన ఫీజుతో. ఎవరు ఏమిటో పిల్లలకు మనం చెప్పేవరకు తెలియదు. “వాళ్లు ఫ్రీ సీటులే”, “వాడి యాస చూడు”, “చేపల వాసన” అన్న మాటలు ఇంట్లో మన నోటి నుంచే తరగతిలోకి వెళ్తాయి. వెలివేసినట్టు అనిపించడం కుంగుబాటుకు దగ్గరి దారి. ఒక్క మాట మానేయడం కూడా నివారణే.

మీ ఇంట్లో పనిచేసే అమ్మ, మీ పాపను బడికి తెచ్చే ఆటో అన్నయ్య, మీ ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు, వీరిలో ఎవరైనా హఠాత్తుగా పనికి రాకపోతే “బద్ధకం” అనేముందు ఒకసారి “ఒంట్లో, మనసులో బాగుందా?” అని అడగండి. జీతం ఒక్క రోజు ఆలస్యం కాకుండా ఇవ్వడం కూడా మనసు ఆరోగ్యానికి చేసే సాయమే.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

పైన చెప్పిన లక్షణాలు రెండు వారాలు దాటితే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు చూపించండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి కూడా వెళ్లవచ్చు. మాట్లాడించే చికిత్స, అవసరమైతే మందులు, రెండూ పనిచేస్తాయి. మందులు ఇస్తే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టర్ చెప్పకుండా మధ్యలో మానేయవద్దు. దిష్టి తీయించినా, మొక్కు మొక్కుకున్నా మీ నమ్మకం మీది. దానితోపాటు డాక్టర్ దగ్గరకు కూడా వెళ్లండి.

“నేను లేకపోతే మీకే మంచిది”, “ఇక బతకాలని లేదు” అని పెద్దలైనా పిల్లలైనా అంటే బెదిరింపు అనుకోకండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అలా అడిగితే ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి భారం దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, హాని చేయగల వస్తువులు దూరం పెట్టండి, వెంటనే సాయం కోరండి.

టెలీ మానస్: 14416. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత సేవ. రాత్రీపగలూ, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098, అత్యవసరమైతే 108. ఈ మూడు నంబర్లు ఫ్రిజ్ మీదో క్యాలెండర్ మీదో రాసి పెట్టండి. పిల్లలకు కనిపించేచోట ఉండాలి.

ఈ నెల ఇంటి పని

పిల్లలకు హోంవర్క్ ఇస్తాం కదా, ఈసారి మనకు. ఒక ఆదివారం సాయంత్రం టీవీ, ఫోన్లు ఆపి కూర్చోండి. ఇంట్లో ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

• ఈ వారం నాకు తేలికగా అనిపించిన ఒక్క క్షణం ఏది?
• ఈ వారం నాకు బరువుగా అనిపించినది ఏది?
• ఆ బరువులో ఇంట్లో ఎవరు, ఏ కొంచెం పంచుకోగలరు?

ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో సలహా చెప్పకూడదు. ఇదొక్కటే నియమం. పెద్దవాళ్లు ముందు చెప్పాలి. అమ్మానాన్నలు తమ బరువు గురించి మాట్లాడితేనే, మాట్లాడటం తప్పు కాదని పిల్లలకు అర్థమవుతుంది. మాట్లాడుకున్నది క్లాస్ టీచర్‌కు తెలియాల్సిన సంగతి అనిపిస్తే, వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా విడిగా వచ్చి చెప్పండి.

మళ్లీ డొంకూరు ఇంటికి వద్దాం. ఆ పాప కడుపునొప్పికి మందు ఆమె కడుపులో లేదు, అమ్మ గోడకు ఆనుకుని కూర్చున్న చోట ఉంది. ఎవరైనా మొదటి నెలలోనే ఆ అమ్మ పక్కన కూర్చుని, “నిద్ర పడుతోందా?” అని అడిగి, ఆశా కార్యకర్తను పిలిచి, మర్నాడు చేపల బుట్ట ఒక పక్క పట్టుకుని తోడు వెళ్లి ఉంటే, కథ వేరేలా నడిచే అవకాశం చాలా ఉండేది. ఆ ‘ఎవరైనా’ డాక్టరే కానక్కరలేదు. పక్కింటివారు కావచ్చు, బంధువు కావచ్చు, మీరే కావచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగేముందు, “మా పాప నవ్వుతూ ఉంటోందా, బాబు ఎవరితో ఆడుకుంటున్నాడు?” అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పడానికి టీచర్లు కూడా సిద్ధపడి వస్తారు.